ముందు సీటు, మైకు, మా బస్సు చాచా

మా బస్సు నడిపిన చాచా పోయిన శుక్రవారం రాయచోటిలో కన్నుమూశారు. మధ్యాహ్నం నమాజు చేసుకుని ఇంటికి వచ్చి, అన్నం తిని పడుకున్నారు. మళ్లీ లేవలేదు. ఆ కబురు ఆయన కొడుకు ఆయన ఫోన్ నుంచే మా బస్సు గ్రూపులో పెట్టాడు. దుబాయ్‌లో అల్ కుసైస్ నుంచి జెబెల్ అలీకి రోజూ మమ్మల్ని చేరవేసిన కంపెనీ బస్సు కోసం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు అది. ఆయన ఆ బస్సు దిగి రెండేళ్లు దాటింది. మాలో సగం మంది వేరే కంపెనీలకు, వేరే దేశాలకు వెళ్లిపోయారు. గ్రూపులోంచి మాత్రం ఎవరూ బయటికి పోలేదు.

సాయంత్రానికి అందులో చాలా సందేశాలు చేరాయి. చదివితే నవ్వొచ్చేవే ఎక్కువ. చావు కబురు కింద ఆ నవ్వులేమిటని మీరు అడగవచ్చు. అది చెప్పాలనే ఇది రాస్తున్నాను.

2020లో నేను పనిచేసే పత్రిక మూతపడింది. పాతికేళ్లు వార్తలు రాసినవాణ్ణి జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోదాములో గుమస్తాగా చేరాను. ఏ సరుకు ఏ లారీలో పోవాలో చూసి సంతకం పెట్టడం పని. నా మీద నాకు పెద్దగా మంచి అభిప్రాయం లేని రోజులవి. తెల్లవారుజామున బస్సెక్కితే అందరి ముఖాలకూ మాస్కులు, సీటు విడిచి సీటు. డ్రైవరు వెనక సీటుకు అడ్డంగా ఎర్ర టేపు. ఎవరూ నోరు విప్పేవారు కాదు. ఆ నిశ్శబ్దం భరించలేక చాచా మనసుకు ధైర్యం చెప్పే ప్రసంగాలు పెట్టడం మొదలుపెట్టారు.

ముందురోజు లేబర్ క్యాంపులో వైఫై దొరికినప్పుడు ఫోన్‌లోకి దింపుకుని, పొద్దున బస్సు స్పీకరుకు కలిపేవారు. ఎక్కువ భాగం హిందీ ప్రసంగాలు. హిందీ రానివాళ్ల కోసం ప్రసంగాన్ని ఆపి తెలుగులో చెప్పేవారు. అయితే బండి కదులుతుండగా ఆయన మాట్లాడరు. సిగ్నల్ ఎర్రగా ఉన్నంతసేపే అనువాదం. హైవే ఎక్కితే సిగ్నళ్లు ఉండవు కాబట్టి అసలు సంగతి అల్ కుసైస్‌లోనే తేలాలి, లేకపోతే జెబెల్ అలీ దాకా ఆగాలి.

చక్రాల కుర్చీలో కూర్చుని నెమ్మదిగా మాట్లాడే ఒకావిడ అంటే ఆయనకు ఇష్టం. ఒకరోజు సిగ్నల్ దగ్గర ఆవిడ ప్రసంగాన్ని ఆపి చాచా అన్నారు:

"ఇంటికి చుట్టం వస్తే 'ఏరా దద్దమ్మా, నీ వల్ల ఏమవుతాది' అంటామా? అనం. మరి మన్ని మనం పొద్దస్తమానం అట్లే తిట్టుకుంటాండాం. ఆయమ్మ ఏమంటాందంటే..."

"గ్రీన్ పడ్డది చాచా," అని వెనక నుంచి కేక. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే సిరిసిల్ల మనిషి. "ఆయమ్మ ఆగుతది గని ఎనుక ట్రక్కోడు ఆగడు. యల్లా, పోనియ్!"

ఆయమ్మ ఏమన్నదో మాకు గంట తర్వాత తెలిసింది. చుట్టంతో మాట్లాడినట్టే మీతో మీరు మాట్లాడుకోండి అన్నదట. ఆ గంటసేపూ బస్సులో ఒకరినొకరు "ఏం చుట్టమా, నిద్రొస్తోందా?" అని పలకరించుకున్నారు. మాస్కులు పెట్టుకున్నాక మేము నవ్వడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

టేపు తీసేసిన వారం ఇంకో ప్రసంగం వచ్చింది. పొద్దున లేవగానే అద్దంలో చూసుకుని "నేను గొప్పవాణ్ణి" అని మూడుసార్లు అనుకోవాలని ఒకాయన గట్టిగా చెప్పాడు.

"మా రూంల ఎనిమిది మందికి ఒక్కటే అద్దం చాచా," అన్నాడు సిరిసిల్ల మనిషి. "మూడుసార్లంటే ఎనకోడు బకెట్ తోటి కొడ్తడు."

అందరూ నవ్వారు. నేను మాత్రం వృత్తి బుద్ధి పోనిచ్చుకోలేదు. "గొప్పవాణ్ణి అనడానికి ఆధారం ఏముంది చాచా?" అన్నాను.

చాచా లోపలి అద్దంలోంచి నన్ను చూశారు. సిగ్నల్ పడేదాకా ఆగి, "సరేనప్పా రిపోర్టరూ. ఆధారమే చెప్పు. నిన్న నువ్వు చేసిన మంచి పని ఒగటి చెప్పు. గొప్ప వద్దు, జరిగింది చెప్పు," అన్నారు.

ఆలోచిస్తే ఒకటి ఉంది. ఖోర్ ఫక్కాన్ పోవాల్సిన మందుల పెట్టెలు అబుదాబి లారీ ఎక్కుతుంటే చూసి దింపించాను. అదే చెప్పాను.

"ఖలాస్. అదే ఆధారం," అన్నారు చాచా.

ఆ మర్నాటి నుంచి అది మా బస్సు ఆచారమైంది. కంపెనీ కొనకముందు ఆ బస్సు టూరిస్టులను తిప్పేది. అందుకని డ్రైవరు పక్కన ఒక మైకు ఉండేది. దాని వైరు డ్రైవరు వెనక సీటు దాకానే వస్తుంది. టేపు తీసేసిన ఆ ముందు సీటులో రోజుకొకరు కూర్చుని, ప్రసంగం అయ్యాక, నిన్న తాము చేసిన పని ఒకటి చెప్పాలి. గొప్ప వద్దు, జరిగింది చెప్పాలి. ఎవరితోనూ మాట్లాడని నెల్లూరు ప్యాకర్ ఒకడు తన వంతు వచ్చినప్పుడు మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు. తర్వాత, "నిన్న అమ్మకి ఫోన్ చేసి నాకు బాగలేదని చెప్పేశా. రెండేళ్ల నుంచి బాగుండా బాగుండా అనే చెప్తా వచ్చా," అన్నాడు. సిగ్నల్ దగ్గర చాచా వెనక్కి తిరిగి, "నిజం చెప్పడం కూడా పనేనప్పా, కష్టమైన పని," అన్నారు.

మైకు ముట్టనిది ఆయన ఒక్కరే. అడిగితే డ్రైవరుతో మాట్లాడరాదన్న బోర్డు చూపించేవారు. ఎక్కువ అడిగితే, "నా గురించి చెప్పేదానికి ఏముందప్పా? పోయిన దోవనే పోతా, వచ్చిన దోవనే వస్తా," అనేవారు. హాస్యానికి అంటున్నారని నేను అనుకున్నాను. కాదని ఒక పొద్దున తెలిసింది.

ఆ రోజు ప్రసంగం నొక్కబోయి చాచా వేలు పక్కన పడింది. స్పీకర్లలో వక్త గొంతు రాలేదు. రాయచోటి నుంచి ఆయన భార్య పంపిన వాయిస్ మెసేజి బస్సంతా మోగింది.

"ఇంటాండావా? బస్సులో అందరికీ నీతులు చెప్తాండావంట, మిమ్మల్ని మీరు ప్రేమించుకోండని. షుగర్ మాత్రలు పెట్టెలో పెట్టినవి పెట్టినట్టే ఉండాయంటనే? నీ రూమోళ్లే చెప్పినారు. బస్సుకైతే టయానికి ఆయిలు మారుస్తావు. నువ్వు బస్సు కంటే తక్కువైపోయినావా?"

ఆపడానికి చేతులు ఖాళీ లేవు. బండి కదులుతోంది. చివరి మాట దాకా విన్నాం. నవ్వు ఆగాక అసలు సంగతి తట్టింది. తనను తాను ప్రేమించుకోవడం ఎలాగో ఏడాదిగా మాకు సిగ్నల్ సిగ్నల్‌కూ విప్పి చెబుతున్న మనిషి తన కోసం ఒక మాత్ర కూడా వేసుకోవడం లేదు.

మర్నాడు సిరిసిల్ల మనిషి నీళ్ల సీసాతో బస్సు మెట్టు మీద నిలబడ్డాడు.

"మాత్ర ఏస్కో చాచా. నువ్వు ఏస్కునేదాక బస్సు కదలది."

"బస్సు నా చేతిలో ఉందా, నీ చేతిలోనా?"

"డోరు నా కాలు కింద ఉన్నది."

ఆయన వేసుకున్నారు. ఆ రోజు నుంచి ఆయన మాత్ర మింగాకే బస్సు కదిలేది. మింగినట్టు రుజువుగా నోరు తెరిచి చూపించేవారు. యాభై మంది సరేననేవాళ్లం. "మాత్రలు బానే ఏసుకుంటాడు," అని ఆయన భార్య మెచ్చుకుంటూ పంపిన మెసేజిని చాచానే గ్రూపులో పెట్టారు. మైకు మాత్రం ముట్టలేదు.

పందొమ్మిదేళ్లు అదే దారిలో నడిపాక ఆయనకు రిటైర్మెంటు వచ్చింది. ఆఖరి రోజు సాయంత్రం అల్ కుసైస్‌లో బస్సు ఆగింది. తలుపు తెరుచుకున్నా ఎవరూ దిగలేదు. సిరిసిల్ల మనిషి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టి మైకు ఇచ్చాడు.

"ఇప్పుడు బండి నడుస్తలేదు. బోర్డు గీర్డు నడవదు. చెప్పు."

చాచా మైకు కేసి చూశారు. "నేనేం చేసినానప్పా? అందరూ యాడికో ఒక చోటికి చేరుకున్నారు. నేను తిరిగిందే తిరిగినా."

"గొప్ప వద్దు చాచా," అన్నాడు వెనక నుంచి నెల్లూరు ప్యాకర్. "జరిగింది చెప్పు."

ఆయన మైకును నోటి దగ్గరికి తెచ్చుకున్నారు. తర్వాత లోపలి అద్దం వైపు చూశారు. రోజూ జెబెల్ అలీలో బయల్దేరే ముందు ఆ అద్దంలోనే మా తలలు చూసుకునేవారు. ఒక్కటి తగ్గినా, ముదీర్, అంటే మేనేజరు, ఫోన్ చేసి కేకలేసినా, బండి కదిలించేవారు కాదు.

"పందొమ్మిదేండ్లలో," అన్నారు, "ఒక్కర్ని గూడా ఇడిసిపెట్టి రాలేదు."

మైకులో ఆయన ఊపిరి వినపడింది. ఎవరో ముక్కు చీదుకున్నారు.

"ఖలాస్," అన్నాడు సిరిసిల్ల మనిషి. "గదే ఆధారం."

అప్పుడు చాచా లేచి తన సీట్లో మరోసారి కూర్చున్నారు. అద్దాన్ని కిందికి వంచి తన ముఖం చూసుకున్నారు. టోపీ సరిచేసుకున్నారు.

"మూడుసార్లు అన్నవా చాచా?"

"ఒగసారి చాలప్పా. ఎనకోళ్లు ఉండారు."

తర్వాత నాకు మళ్లీ వార్తల ఉద్యోగం దొరికింది. మొన్న రాయచోటికి ఫోన్ చేస్తే ఆయన భార్య ఒక్క సంగతి బస్సు వాళ్లందరికీ చెప్పమంది. పోయిన రోజు పొద్దున కూడా మాత్ర వేసుకుని, ఇంట్లో ఎవరూ అడగకపోయినా నోరు తెరిచి చూపించారట. గ్రూపులో పెట్టాను. నవ్వులే వచ్చాయి.

ఆయన దిగిపోయిన మర్నాడు పొద్దున కొత్త డ్రైవరు వచ్చాడు. కేరళ మనిషి. సీట్లో కూర్చుని, అద్దం కిందికి వంగి ఉండటం చూసి, సరిచేయడానికి చెయ్యి ఎత్తాడు. సిరిసిల్ల మనిషి హిందీలో, ఒక్క నిమిషం ఆగు భాయ్, ముందు నీ మొహం చూసుకో, తర్వాత మమ్మల్ని చూడు, అన్నాడు. ఏమీ అర్థంకాకపోయినా అతను ఆగాడు. తన ముఖం చూసుకుని, ఎందుకో చిన్నగా నవ్వాడు. తర్వాత నెమ్మదిగా అద్దాన్ని పైకి తిప్పాడు. ముందు సీటు, ఆ వెనక సీటు, ఆ వెనకది, ఒక్కొక్కరిగా మా అందరి ముఖాలూ అందులోకి వచ్చాయి.