ఎడమ కాలి బొటనవేలు

2003లో నేను ఒక తెలుగు వెబ్‌సైట్ ఫీచర్స్ డెస్కులో సబ్‌ఎడిటర్‌గా చేరాను. ఆరు నెలలు ప్రొబేషన్. ఆపైన ఉద్యోగం ఖాయం చేయడమా, ఇంటికి పంపడమా అన్నది డెస్క్ ఇన్‌చార్జి సుభద్రగారి చేతిలో ఉండేది. ఐదో నెలలో ఆమె పత్తర్‌గట్టిలో ముత్యాలు గుచ్చే పనివాళ్ల మీద వ్యాసం అడిగారు. నేను పుట్టి పెరిగింది ఆ వీధిలోని బట్టల కొట్టులోనే. అందుకే లేచి వెళ్లి చూడాలనిపించలేదు.

ఇంకో చిన్న సైట్‌లో అదే విషయంపై వ్యాసం దొరికింది. దాన్ని పక్కన తెరిచి పెట్టుకుని, ఒక్కో వాక్యాన్నీ మార్చుకుంటూ పోయాను. అంచు మార్చిన చీరను కొత్త డిజైన్ అని అమ్మగలిగినవాణ్ని, ఇందులో తప్పేమీ కనిపించలేదు. పైగా నా సొంత మెరుగు ఒకటి పెట్టాను: ఆ వ్యాసంలోని పనివాడు ముత్యాలు గుచ్చే దారాన్ని ఎడమ కాలి బొటనవేలికి చుట్టుకుంటాడని ఉంటే, ఎడమ కాలికే చుట్టడం ఈ వృత్తిలో రివాజు అని రాశాను. వ్యాసం నా పేరుతో సైట్‌లోకి ఎక్కింది.

నాలుగో రోజు దబీర్‌పురా నుంచి యాదగిరి అనే ఆయన ఆఫీసుకు వచ్చాడు. అసలు వ్యాసం ఆయనదే. రెండు ప్రింట్లూ సుభద్రగారి బల్ల మీద పరిచాడు.

"మాటలు వేరేగానే ఉన్నాయి కదండీ," అన్నారామె.

"మాటలు మార్చిండు మేడం. మా బాపు కాలు మార్చలే." నా వైపు తిరిగాడు. "రివాజు ఏందన్నా? మా బాపుకు కుడికాలు బొటనేలు లేదు. గందుకే ఎడమకాలుకు చుడ్తడు. నువ్వు యాడ చూసినవ్?"

ఎక్కడా చూడలేదు. అయినా కొట్టు అలవాటు పోలేదు; వ్యాసం చివర ఆయన పేరు వేస్తామని బేరం మొదలుపెట్టాను.

"చివర చిన్నగ ఎందుకు? నా పేరు, మా బాపు పేరు మీదనే పెట్టు. ముందుగాల వచ్చి చూడు."

సుభద్రగారు వ్యాసం తీసేయించి, అదే పేజీలో తప్పు ఒప్పుకుంటూ ప్రకటన పెట్టించారు. నా ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించారు.

మర్నాడే దబీర్‌పురా వెళ్లాను. పత్తర్‌గట్టి కొట్ల కోసం ఇంట్లోనే ముత్యాలు గుచ్చుతున్న యాదగిరి తండ్రి తల ఎత్తకుండానే అడిగాడు: "నా ఏలును రివాజు చేసినోడివి నువ్వేనా?" పక్కన కూర్చుని పూటంతా చూశాను. కొత్త వ్యాసం మొదటి పేరాలోనే ఇద్దరి పేర్లూ, యాదగిరి వ్యాసానికి లింకూ ఉన్నాయి.

అప్పటి నుంచి ఎవరి వ్యాసమైనా చదివాక ఆ పేజీ మూసేసి, నేను వెళ్లి చూసి, రాసేవాణ్ని. ఆలోచన ఎవరిదో పైనే చెప్పేవాణ్ని. పక్క కొట్టు నుంచి తెచ్చి చూపించే చీరకు వాళ్ల చీటీ పీకకూడదన్నది మా కొట్టులో నేను నేర్చుకున్న మొదటి నియమం. దాన్నే డెస్కులో నేర్చుకోవడానికి నాకు తొమ్మిది నెలల ప్రొబేషన్ పట్టింది.