మందు కాకముందే అంటించిన చీటీ

తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను ప్రొద్దుటూరులో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటర్ని. గాయం మీద చల్లితే రక్తం నిలిచిపోయే పొడి తయారు చేయాలన్న పిచ్చితో, ఇంటి వసారాలో తుమ్మబంకను ఆసిడ్‌తో మార్చే పని పెట్టుకున్నాను. బంక తెచ్చిచ్చేది పెన్న ఒడ్డున మేకలు మేపే ఓబులేసు మామ.

ఒకరోజు ఇంటికొచ్చేసరికి మామ మా అరుగు మీద పాదం పట్టుకొని అరుస్తున్నాడు. మేకలకు తుమ్మకొమ్మ నరుకుతుంటే కొడవలి కాలిమీద పడిందట. తాలూకా ఆఫీసులో గుమాస్తా అయిన మా అన్న, నేను రాకముందే నా పొడి తీసి ఆ గాయం నిండా అద్దినాడు. ఆ పొడిని ఆసిడ్ పోయేదాకా కడగాల్సిన పని ఇంకా మిగిలే ఉంది. తెగిన చోట చర్మం తెల్లగా ఉడికిపోతోంది.

కడవతో నీళ్లు కుమ్మరిస్తూ అన్న మీద విరుచుకుపడ్డాను. "నీకు బుద్ధుందా? నన్ను అడక్కుండా ఏందో పొడి తీసి మనిషికి పూస్తావా?"

అన్న ఆ పొడి సీసా తెచ్చి నా మొగం ముందర పెట్టినాడు. "ఇది ఎవురు రాసినార్రా?"

చీటీ మీద నా చేతిరాతే: 'రక్తం కట్టే మందు'. ఇంటికొచ్చినోళ్లు చూసి మెచ్చుకోవాలని, అది మందు కాకముందే రాసి అంటించినాను. అన్న మీది కోపమంతా నా మీదికి తిరిగింది. అది ఇంతవరకు చల్లారలేదు.

పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత మామ కుంటుకుంటూ వచ్చి, బంక మూట నా ముందు పెట్టినాడు.

"ఈ తూరి బాగా కడుగప్పా. పేరు తర్వాత పెడుదువు."