అత్తమ్మకు చెప్పలేకపోయిన అబద్ధం

పంతొమ్మిది వందల నలభైల చివర్లో, నాకు పెళ్లయిన ఏడాదికి, మోతెలో మా అత్తమ్మకు మశూచి వచ్చింది. మా ఆయన మిర్యాలగూడలో పనిలో ఉన్నాడు. నాకూ సోకుతుందన్న భయంతో, ఆమె నీళ్లడుగుతున్నా వదిలేసి గరిడేపల్లిలోని పుట్టింటికి పారిపోయాను. చర్చికి వచ్చే ఆడవాళ్లే ఆమెను కాపాడుకున్నారు.

నెల తర్వాత తిరిగి వచ్చాను. మా అమ్మకు బాగాలేక వెళ్లానని చెప్పాలనుకున్నాను. అత్తమ్మ తలుపు తీసింది. ముఖమంతా మచ్చలు, ఒక కన్ను పోయింది. అబద్ధం నోట రాలేదు. కాళ్ల మీద పడ్డాను.

"సస్తనేమోనని నిన్ను ఇడిసిపెట్టి ఉరికిన అత్తమ్మా. తప్పు నాదే" అని ఏడ్చాను.

"నువ్వు పోయిన్నాడే ప్రభువు ముందల నిన్ను మన్నించిన బిడ్డా. నువ్వు ఒప్పుకున్నవు, ఇయ్యాల ఆ మన్నింపు నీకు అందింది."

"నేనేం జేసిన్నని మన్నిస్తవ్?"

"ఏం జెయ్యకున్నా ఇచ్చేదే కృప. ఆయన నన్ను గట్లనే మన్నించిండు. లోపలికి రా, అన్నం తిందువు."

పాస్టరుగారు ఎన్నోసార్లు చెప్పిన రక్షణ నాకు ఆ గడపలోనే అర్థమైంది. తర్వాత పదిహేనేళ్లు బతికిన అత్తమ్మ, ఆ సంగతి తన కొడుక్కి కూడా చెప్పలేదు. ఆమె పోయాక నేనే మా ఆయనకు చెప్పుకున్నాను.