మెలిపెట్టిన టార్చి

చిత్తూరులో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు మాస్టరుగా చేరిన ఏడాదే, ఆటల పోటీలు మొదలుకాకముందే ముఖ్య అతిథి ముఖం తగలబెట్టాను. ఫ్లెక్సీలోని ముఖమే లెండి. నవ్వండి, ఫరవాలేదు. కానీ తప్పెవరిదో మొత్తం విన్నాక చెప్పండి.

మా పీఈటీ సారు రెడ్డెప్ప స్టాఫ్ రూములోకి ఒక బ్యాటరీ లైటు తెచ్చాడు. కింద బుల్లి ఫ్యాను, పైన ఎర్ర గుడ్డ. అది రెపరెపలాడుతుంటే జలుబు చేసిన కోడిపుంజు తల విదిలిస్తున్నట్టుంది.

"ఇదే మన టార్చి. దీన్ని పట్టుకోని గ్రౌండు సుట్టూ పరిగెత్తేదే" అన్నాడు.

నేను ఊరుకుంటానా? "ఇది టార్చి కాదు సార్. ఆ మాటకు లాటిన్‌లో మూలం మెలిపెట్టడం. గుడ్డో నారో మెలిపెట్టి, నూనెలోనో మైనంలోనో ముంచి వెలిగిస్తేనే టార్చి."

"మరి అంగట్లో సెల్లేసి అమ్మేదో?"

"అది ఇంగ్లండు వాళ్లు తర్వాత పెట్టుకున్న పేరు."

"అయితే వాళ్లకూ ఇంగ్లీషు రాదు. నీకొక్కడికే వచ్చునబ్బా!"

అందరూ పగలబడి నవ్వారు. ఆ రోజు నవ్విన ఏడుగురి పేర్లూ నేనింకా మరిచిపోలేదు.

హెడ్మాస్టరు మాత్రం నవ్వలేదు. "అంత తెలిసినోడివి నువ్వే చెయ్యప్పా. బాగా వెలిగిందా, యాన్యువల్ డేకి మైకు నీదే. తేడా వచ్చిందా, ఈ బళ్లో నువ్వు మళ్లీ మైకు ముట్టేది లేదు."

మైకంటే నాకు ప్రాణం. పాత పంచె చింపి మెలిపెడుతుంటే వాచ్‌మన్ మునెప్ప వచ్చి నిలబడ్డాడు. వాళ్ల ఊరి ఉత్సవాల్లో దివిటీ పట్టేది ఆయనే.

"సార్, మెలి ఒకటే సాలదు. పైన ఇనప తీగె సుట్టాల. లేకుంటే కాలేకొద్దీ ఇప్పుకోని పడతాది."

"లాటిన్‌లో తీగె లేదు మునెప్పా."

"లాటినోళ్లు మా ఊరికి వచ్చి యాడ దివిటీ ఎత్తినారు సార్?"

చూశారా, వాచ్‌మన్ కూడా! ఆ మాటతో నాకు పంతం ఇంకా పెరిగింది. తీగె చుట్టలేదు.

పిల్లల చేతికి నిప్పెందుకని నేనే పట్టుకుని పరిగెత్తాను. సగం గ్రౌండు దాకా చప్పట్లే చప్పట్లు. సరిగ్గా వేదిక ముందుకు రాగానే నా మెలి గిరగిరా విప్పుకుంది. మండుతున్న పంచె పేలిక ఎగిరి స్వాగతం ఫ్లెక్సీ మీద పడింది. అతిథిగారి మీసం ముందు పోయింది, తర్వాత చిరునవ్వు. అసలు మనిషి అప్పుడే కారు దిగుతున్నాడు.

మునెప్ప బకెట్ నీళ్లు కొట్టాడు. సగం ఫ్లెక్సీకి, సగం నాకు.

"ఏందప్పా, పిలిచి మరీ దిష్టిబొమ్మ కాలుస్తా ఉండారే! నేనేం జేసినాను?" అన్నాడు అతిథి.

నీళ్లోడుతూనే వేదికెక్కి మైకు అందుకున్నాను. "అయ్యా, టార్చి అనే మాటకు లాటిన్‌లో..."

హెడ్మాస్టరు వంగి ప్లగ్గు పీకేశాడు.

అదే ఆ బళ్లో నా ఆఖరి ఉపన్యాసం. అందుకే అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ మాట పుట్టుకనైనా నోటితోనే చెబుతాను, చచ్చినా చేత్తో చేసి చూపించను. లాటిన్‌లో తీగె లేదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.