చల్లని ఆంప్లిఫైయర్

సోల్డరింగ్ వాసన వస్తే దుమ్ముగూడెంలోని మా ప్రార్థన మందిరం గుర్తొస్తుంది. అక్కడి పాత ఆంప్లిఫైయర్ పాటలు మొదలవగానే వేడెక్కేది. ఆ వేడి పరిశుద్ధాత్మదేనని చిన్నప్పుడు నా నమ్మకం. అది చెడిపోయాక నాన్న మందిరంలోనే కూర్చుని, క్లాస్-డి అనే రకం అరచేతంత సర్క్యూట్ బోర్డుకు సోల్డరింగ్ చేసి కొత్తది తయారుచేశాడు. అది పెట్టిన ఆదివారమే, దవాఖానాలో ఉన్న అమ్మకోసం సంఘమంతా ప్రార్థన చేయాలి. పాట మధ్యలో అనుమానంగా కొత్త ఆంప్లిఫైయర్ పెట్టెను తాకాను. చల్లగా ఉంది.

"నాన్నా, దీంట్ల దేవుడు లేడు. మన ప్రార్థన పోదు," అన్నాను చెవిలో.

"ఏంది బిడ్డా, వేడి గావాలంటే పొయ్యి తేవాల్నా? వేడైతే కరెంటు దండగ. గిది కరెంటంతా పాటకే పెడ్తది."

నేను నమ్మలేదు. మైకుకు దూరంగా జరిగి, అమ్మకోసం గొంతు చించుకుని పాడాను.

అమ్మ ఇంటికొచ్చింది. ఇప్పుడు మందిరానికి ఆంప్లిఫైయర్లు నేనే చేస్తాను. పాట మధ్యలో ఇప్పటికీ పెట్టెపై చెయ్యి వేస్తాను. చల్లగా తగిలితే స్తోత్రం చెప్పుకుంటాను.