మిల్లు చెవుడనుకున్నాం

మొన్న మా చెల్లెలి మనవరాలి పెళ్లిలో డీజే పెట్టారు. గుండెలు అదిరిపోతున్నాయి, పక్కన కూర్చున్నవాళ్ల మాట కూడా వినబడటం లేదు. అంతలో పందిరి అవతలి చివర నుంచి, ఒకప్పుడు జూట్ మిల్లులో పనిచేసిన ఒక ముసలావిడ నన్ను చూసి, ఐదు వేళ్లూ కలిపి నోటి దగ్గర పెట్టుకుని కనుబొమలు ఎగరేసింది. భోంచేశావా అని. నా చెయ్యి నన్నడక్కుండానే లేచి, ఇంకా లేదు, కాసేపాగు అని చెప్పేసింది. ఆ తరవాత విస్తరి ముందు కూర్చున్నానే గానీ ఏం తిన్నానో నాకు తెలియదు.

మిల్లు కూత విని పొయ్యి వెలిగించిన నా ఈడువాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మగ్గాల షెడ్డులో చెవి దగ్గర అరిచినా వినబడేది కాదు గనక అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారు, ఆ అలవాటు సైకిలెక్కి ఇళ్లకూ వచ్చేసేది. నేను నెల్లిమర్ల కాపురానికి వచ్చిన కొత్తలో, అత్తగారి ఎదుట మొగుడితో మాట్లాడాలంటే సిగ్గుతో చచ్చిపోయే రోజుల్లో, ఆ షెడ్డులోనే పనిచేసే మా ఆయన ఆవిడ వెనక నిలబడి నాకా భాషంతా నేర్పారు. నీళ్లు, అన్నం, సినిమాకు పోదామా, చీర బాగుంది. ఆవిడ చటుక్కున వెనక్కి తిరిగితే దోమల్ని తోలుతున్నట్టు నటించేవారు, దొంగ మొహం పెట్టుకుని!

రిటైరై ఇంటిపట్టున ఉన్నాక ఆయన మాట తగ్గిపోయింది. పిలిస్తే పలికేవారు కాదు. మిల్లు చెవుడు లెమ్మనుకున్నాం, మా వీధిలో ఆ చెవుడు లేని ఇల్లేది గనక? మంచినీళ్లు కావాలంటే బొటనవేలు పెదవికి ఆనించేవారు, నేను ఇచ్చేసేదాన్ని. మా అమ్మాయి వచ్చినప్పుడల్లా "ఏటమ్మా, నాన్నేటి మాటాడ్డం నేదు?" అని అడిగేది. "ఆయనకి నోటితో పనేటే, సేతులున్నాయి కదా" అనేసేదాన్ని. అది ఊరుకోక విజయనగరం తీసుకెళ్లి, పరీక్షలేవీ లేకుండానే ఒక దుకాణంలో చెవి మిషను పెట్టించింది. ఆయన దాన్ని తీసి పోపుల డబ్బాలో, మెంతుల్లో దాచారు. మేమంతా ఘొల్లున నవ్వాం.

ఆ తరవాత మా తమ్ముడి గృహప్రవేశానికి సాలూరు వెళ్లాం. వ్రతం జరుగుతుండగా ఆయన కనబడలేదు. వెతుకుతూ ఉండగానే లారీ షెడ్డు మేస్త్రీ ఒకడు ఆయన్ని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. "అమ్మా, ఈ మూగాయన మీవోడేనా? పేరడిగితే సేతులూపుతన్నాడు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "మూగేటి? నా పెనిమిటి మూగేటి?" అని వాణ్ని కసిరి, ఆయన వైపు తిరిగి, మీ పేరు చెప్పండి వీడికి, అన్నాను. ఆయన నా మొహంలోకే చూస్తూ గాలిలో మగ్గం నడుపుతున్నట్టు చేతులు ఆడించారు. నోరు తెరిచారు గానీ పేరు రాలేదు.

విశాఖపట్నంలో చెవులు పరీక్షించి, స్కానింగ్ తీశారు. చెవులు బాగానే ఉన్నాయట, మెదడులో మాటలుండే చోటు ఎన్నాళ్లనుంచో కుంచించుకుపోతోందట. ముందే వచ్చినా నయం చేసే మందు లేదని, కాకపోతే మాట పూర్తిగా పోకముందే మీరిద్దరూ చెప్పుకోవలసినవి చెప్పుకునేవారని డాక్టరు మెల్లగా అన్నాడు. మాట ఎప్పుడు పోయిందని అడిగాడు. అమ్మాయి నా వైపు చూసింది. నేను ఆయన చేతుల వైపు చూశాను. ఊళ్లో ఎవరైనా సరే ఆయన్ని రోజూ నోటితో మాట్లాడించి ఉంటే ఎప్పుడో బయటపడేది. మాకందరికీ ఆయన అంత బాగా అర్థమయ్యేవారు మరి.

ఆయన పోయారు. మగ్గాల చప్పుడు ఎరిగినవాళ్లు కూడా ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఇప్పటి పిల్లలు చెవుల్లో ఏవో పెట్టుకుని తిరుగుతారు, ఎదురుగా నిలబడి చెయ్యి ఊపినా ఎవరికో టాటా చెబుతున్నానని వెనక్కి తిరిగి చూస్తారు. నాకు ఒక్కటే బెంగ. ఆయన నోటితో నాతో అన్న ఆఖరి మాట ఏమిటో ఎంత ఆలోచించినా గుర్తు రాదు. ఏ మంచినీళ్లిమ్మనో, ఏ తలుపు గొళ్లెం పెట్టమనో అయివుంటుంది. చేతితో అడిగిన ఆఖరి మాట మాత్రం తెలుసు. మంచం మీద నుంచి వేళ్లు కష్టంగా కూడదీసుకుని, భోంచేశావా అన్నారు.

ఇంకా లేదు, కాసేపాగు అన్నాను.