కోర్టుకివ్వాల్సిన డీవీడీ

భర్త పల్లంరాజు పోయాక ఉషారాణి ఏడవలేదని జగన్నాథపురంలో వాళ్ళ వీధి వీధంతా చెప్పుకుంది. అది నిజమే. వచ్చినవాళ్ళకి టీలు పెట్టింది, అద్దె కుర్చీలు ఎత్తించి పంపేసింది, అత్తగారు మహాలక్ష్మమ్మకి బీపీ మాత్రలు వేళ తప్పకుండా ఇచ్చింది. పెద్దకర్మ అయిన మర్నాడు చీర మార్చుకుని తను పనిచేసే స్కూల్ ఆఫీసుకి వెళ్ళి కూర్చుంది. అక్కడివాళ్ళు ఇంకొన్నాళ్ళు ఉండి రావాల్సింది కదా అంటే, ఇంట్లో చేసేదేముందండీ అంది. గుండె రాయి చేసుకుందని కొందరన్నారు. ఆమెకి మాత్రం గుండెలో రాయి ఉన్నట్టు కూడా అనిపించలేదు. ఏమీ అనిపించలేదు, అంతే. అన్నం తింటే అన్నంలాగే ఉండేది, ఉప్పు ఎక్కువైందో తక్కువైందో తెలిసేది కాదు.

పెళ్ళికి ముందు ఆమె కాకినాడ సినిమా రోడ్డులో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేది. పడవల మీద వేటకి వెళ్ళే ఇంట్లో పుట్టి, డిగ్రీ చదివి, కంప్యూటర్ నేర్చుకున్న మొదటి ఆడపిల్ల ఆమే. సంబంధం కుదిరాక పల్లంరాజు కూడా అదే ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. అతను హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో మిషన్ ఆపరేటరు. కంప్యూటర్‌తో అతనికేం పని అని అందరూ అడిగారు. రోజూ వెనక బెంచీలో కూర్చుని ఒక్క వేలుతో తన పేరు టైపు చేసుకునేవాడు. ఎందుకొస్తున్నాడో ఉషారాణికి తెలుసు, అడగలేదు.

పెళ్ళయ్యాక ఇంట్లోకి అతను కొన్న మొదటి పెద్ద వస్తువు కంప్యూటరే. ముందుగదిలో బల్ల మీద పెట్టారు. మహాలక్ష్మమ్మ దానికి పాత చీరతో ముసుగు కుట్టింది. అప్పట్లో వీధిలో ఎవరి పెళ్ళి ఫొటోలైనా, పండక్కి మైకులో పెట్టే పాటలైనా ఉషారాణి చేతే సీడీలు రాయించుకునేవారు. తరవాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. ఇన్‌స్టిట్యూట్ మూసేశారు. కంప్యూటర్ మీద ముసుగు అలాగే ఉండిపోయింది. పిల్లలు లేరు కాబట్టి దాన్ని తీసే చెయ్యి కూడా లేకపోయింది.

పల్లంరాజు పోయింది హార్బరు రోడ్డు మలుపులో. డ్యూటీ దిగి మోపెడ్ మీద ఇంటికొస్తుంటే వ్యాను గుద్దింది. అటూ ఇటూ చూడకుండా అతనే అడ్డంగా వచ్చాడని వ్యాను డ్రైవరు చెప్పాడు. చూసినవాళ్ళెవరూ ముందుకి రాలేదు. దాంతో పోలీసు కాగితాల్లో ఆ మాటే ఎక్కింది.

పల్లంరాజు తమ్ముడు దుర్గాసాయికి ఆ మాట మింగుడుపడలేదు. మలుపులో ఉన్న కొట్లన్నీ తిరిగాడు. చివరికి వలలూ తాళ్ళూ అమ్మే ఒక కొట్టు యజమాని, తన కెమెరాలో అది పడిందని, ఎవరైనా అడుగుతారేమోనని ఆ రోజే ఆ ముక్క దాచానని చెప్పి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. దుర్గాసాయి దాన్ని తమ కేసు చూస్తున్న లాయరు సత్యవాణి గారి దగ్గరికి పట్టుకెళ్ళాడు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఎప్పుడైనా మార్చొచ్చని అవతలివాళ్ళు పేచీ పెడతారు, మారడానికి వీల్లేకుండా డిస్కుల్లో రాసి తెండి, కోర్టుకొకటి, అవతలివాళ్ళకొకటి, నాకొకటి అని ఆవిడ చెప్పారు. ఒక్క ముక్క కూడా కత్తిరించకూడదని మరీ మరీ చెప్పారు. వీడియో పెద్దది, సీడీలో పట్టదు. డీవీడీ కావాలి.

జిరాక్సు షాపులవాళ్ళు ఇప్పుడు డిస్కులెవరు వాడుతున్నారండీ అని నవ్వి పంపేశారు. కొత్త ల్యాప్‌టాపులకి డిస్కు పెట్టే చోటే లేదు. దుర్గాసాయి వచ్చి ఈ సంగతి చెబుతుంటే, ఉషారాణి బల్ల వైపు చూసి, తను రాస్తానంది.

"నువ్వెందుకు వదినా? అందులో ఏముందో తెలుసు కదా. ఎవరినైనా వెతుకుతాను."

"రాయడం నాకొచ్చు సాయీ," అంది ఆమె.

ఆదివారం పొద్దున్నే ముసుగు తీసింది. స్విచ్ వేస్తే ఫ్యాన్ గరగరలాడింది. తెర వెలిగింది కానీ తేదీ ఎప్పటిదో పాత సంవత్సరం చూపించింది. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయిందని ఆమెకి అర్థమైంది. కోర్టుకిచ్చే దాని మీద తప్పు తేదీ పడకూడదని ముందు దాన్ని సరిచేసింది. తరవాత డిస్కు పెట్టే ట్రే బయటికి రాలేదు. బటన్ నొక్కితే టక్‌మని శబ్దం వచ్చి ఊరుకుంటోంది. దాని ముందు సన్నటి రంధ్రం ఉంటుంది. అందులోకి పిన్నీసు తిన్నగా చేసి గుచ్చితే ట్రే కాస్త బయటికొచ్చింది, మిగతాది చేత్తో లాగింది. లోపల డిస్కు పెట్టినా, అసలు డ్రైవ్ ఉన్నట్టే కంప్యూటర్ చూపించలేదు. ఆపేసి, ప్లగ్గు తీసేసి, పక్కరేకు విప్పింది. సముద్రపు గాలికి కేబుల్ కొసలు పచ్చబడి ఉన్నాయి. ఎరేజర్‌తో రుద్ది, గట్టిగా నొక్కి పెట్టింది. ఈసారి డ్రైవ్ కనిపించింది.

అన్నిటికీ ఆమె చేతులు వాటంతటవే పనిచేశాయి. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని మహాలక్ష్మమ్మ గుర్తుచేస్తే గానీ తెలియలేదు.

బీరువాలో మిగిలిన ఖాళీ డిస్కులు పనికిరాలేదు. వెనకవైపు మరకలు పట్టి, ఏది పెట్టినా డిస్కు పెట్టమనే అడుగుతోంది. పెద్దాపురంలో సుధాకర్ అని పెళ్ళి వీడియోలు తీసేవాడున్నాడు. ఒకప్పుడు ఆమె దగ్గరే కంప్యూటర్ నేర్చుకున్నాడు. ఫోన్ చేస్తే, పాత స్టాకులో సీలు తియ్యని డిస్కుల డబ్బా ఉందన్నాడు. మర్నాడు స్కూలు నుంచి సగంపూట సెలవు తీసుకుని బస్సెక్కింది.

సుధాకర్ డబ్బా కవర్లో పెట్టి సిద్ధంగా ఉంచాడు. తన దగ్గర రాసే మిషన్ ఎప్పుడో పాడైపోయిందని నొచ్చుకున్నాడు. దేనికి మేడం అని అడిగాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. అతను కవర్లోంచి డబ్బా తీసి, సీలు సరిగ్గా ఉందో లేదో మళ్ళీ చూశాడు. తరవాత, బాగా తక్కువ స్పీడులో రాయమని చెప్పాడు. ఇంకో మాట చెప్పడానికి మొహమాటపడ్డాడు.

"రాసేశాక సరిగ్గా పడిందో లేదో చూడాలండి. ఈ పాత డిస్కులు మొదట్లో బాగానే నడిచి మధ్యలో ఆగిపోతాయి. మొదట్నించి చివరిదాకా ప్లే చేసి చూడాల్సిందే. మీరు చూడకండి మేడం. నేనొచ్చి చూస్తాను."

"పర్లేదండి. నేను చూస్తాను," అంది ఉషారాణి.

ఇంటికొచ్చి రాయడం మొదలుపెడితే సగంలో ఆగిపోయింది. కంప్యూటర్లో చోటు లేదంటోంది. డిస్కు మీద రాసేముందు అది తన లోపల ఒక నకలు చేసుకుంటుంది, దానికి జాగా కావాలి. ఏం నిండిపోయిందా అని చూస్తే, అన్నీ వీధివాళ్ళ పెళ్ళిళ్ళు. తలంబ్రాలు, ఊరేగింపులు, బఫే దగ్గర ప్లేట్లు పట్టుకున్న చుట్టాలు. ఎవరివీ అడిగేవాళ్ళు లేరు. ఒక్కో ఫోల్డరూ తీసేస్తూ పోయింది. తమ పెళ్ళి ఫోల్డరు కూడా వచ్చింది. దాన్ని ఉంచింది, ఉంచాలి కదా అని. తెరిచి చూడలేదు.

ఈసారి చివరిదాకా రాసింది. ట్రే బయటికి రాకపోతే మళ్ళీ పిన్నీసుతో లాగి, లోపలికి నెట్టి, ప్లే చేసింది.

కెమెరా పైనుంచి తీసింది. శబ్దం లేదు. కొట్టు ముందు తాళ్ళ చుట్టలు, రోడ్డు, ఎండ. పల్లంరాజు మోపెడ్ మీద వచ్చాడు. నీలం గళ్ళ చొక్కా. మలుపు దగ్గర ఆగి కాలు కింద పెట్టాడు. నెత్తి మీద చేపల గంప ఉన్న ఒకావిడ రోడ్డు దాటబోతోంది. ఆమెని వెళ్ళమని చెయ్యి ఊపాడు. ఆమె దాటింది. అతను అటు చూశాడు, ఇటు చూశాడు, మెడ గోక్కున్నాడు, కదిలాడు. వ్యాను రాంగు సైడులో వచ్చింది. తరవాత అతను ఫ్రేములో లేడు. జనం పరిగెత్తారు. ఒక చెప్పు రోడ్డు మీద ఉండిపోయింది. ఇంకా చాలాసేపు వీడియో ఉంది. ఉషారాణి మొత్తం చూసింది. తెర మూలన తేదీ, టైమూ స్పష్టంగా పడ్డాయి, ఎక్కడా ఆగలేదు అనుకుంది. రెండోది పెట్టింది.

రెండోది చూస్తుండగా మహాలక్ష్మమ్మ వెనక వచ్చి నిలబడింది.

"ఏంటమ్మా అది?"

"కోర్టుకి, అత్తా."

"అందులో వాడున్నాడా?"

"ఉన్నాడు."

"కదులుతున్నాడా?"

ఉషారాణి జవాబు చెప్పేలోపే ఆవిడ దగ్గరికొచ్చింది. పల్లంరాజు కాలు కింద పెట్టి గంప ఆవిడ కోసం ఆగి ఉన్నాడు.

"అక్కడ ఆపమ్మా," అంది మహాలక్ష్మమ్మ.

ఆపింది. ముసలావిడ రెండు వేళ్ళతో తెర మీద కొడుకుని తడిమింది. వేళ్ళకి పసుపు ఉందేమో, తెర మీద మరక పడింది. దాన్ని తుడవాలి అని ఉషారాణికి తోచింది. అది తప్ప ఇంకేమీ తోచనందుకు తన మీద తనకే చిన్న ఆశ్చర్యం వేసింది, అదీ వెంటనే పోయింది.

"అత్తా, ఇంక నడపాలి. లేకపోతే చివరిదాకా పడిందో లేదో తెలీదు."

మహాలక్ష్మమ్మ తల ఊపి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మిగతాది ఆవిడ చూడలేదు.

మూడూ అయ్యాయి. తీసుకెళ్ళి సత్యవాణి గారికిచ్చారు. ఆవిడ ఆఫీసులో ఉన్న మిషన్లో పెడితే, డిస్కు ఖాళీగా ఉందని వచ్చింది. మూడూ అంతే. దుర్గాసాయి తల పట్టుకున్నాడు. ఉషారాణి కాసేపు ఆలోచించింది. రాసేముందు కంప్యూటర్ ఒక ప్రశ్న అడుగుతుంది, ఈ డిస్కుని పెన్‌డ్రైవ్‌లా వాడుకుంటారా, మామూలు ప్లేయర్లో నడిచేలా రాయాలా అని. తను చూసుకోకుండా మొదటిది నొక్కింది. అలా రాసినవి వేరే మిషన్లలో ఒక్కోసారి తెరుచుకోవు. పైగా అవి తరవాత మార్చడానికి వీలున్నవి కూడా. తప్పు నాదేనండీ, మళ్ళీ రాసి తెస్తాను అంది. సత్యవాణి గారు ఆమె మొహం వైపు చూసి, తొందర లేదమ్మా అన్నారు.

మళ్ళీ రాసింది. మళ్ళీ ఒక్కోటీ మొదట్నించి చివరిదాకా చూసింది. ఈసారి లాయరు గారి దగ్గర మూడూ తెరుచుకున్నాయి.

అది అక్కడ నిదానంగా చూసినప్పుడే దుర్గాసాయి గంప ఆవిడని గుర్తుపట్టాడు. రత్తమ్మ, హార్బరు దగ్గర చేపలు కొని ఇంటింటికీ తిరిగి అమ్ముతుంది. వెళ్ళి అడిగితే, కోర్టులూ పోలీసులూ అంటే భయమై నోరు మూసుకున్నానని ఏడ్చింది. మర్నాడు తనే వెతుక్కుంటూ ఇంటికొచ్చింది. గంప అరుగు మీద దించి, లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే కూర్చుంది.

"నన్ను చూసి ఆగాడమ్మా. 'ఎల్లు పిన్నీ, నీ నెత్తి మీద బరువుంది, నాకేం తొందర లేదు' అన్నాడు. నేను దాటి నాలుగడుగులేశానో లేదో..."

మహాలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉషారాణి, టీ తాగుతారా అని అడిగి వంటింట్లోకి వెళ్ళింది. పాలు పొయ్యి మీద పెట్టింది. అన్నిసార్లు చూసిన వీడియోలో అతని పెదవులు కదిలాయని ఆమె గమనించనే లేదు. నాకేం తొందర లేదు అనేది అతని మాటే. భోజనానికి పిలిచినా, బస్సు వెళ్ళిపోతోందన్నా అలాగే అనేవాడు. ఆ మాట అతని గొంతులో వినిపిస్తుందేమోనని ఆమె నిలబడింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. గ్యాసు వాసన వచ్చాక తేరుకుని కట్టేసి, గట్టు తుడిచి, మిగిలిన పాలతోనే టీ పెట్టి పట్టుకెళ్ళింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. గ్లాసు అందిస్తుంటే మాత్రం కొంచెం టీ రత్తమ్మ చీర మీద ఒలికింది.

కోర్టులో డిస్కు నడిచింది. రత్తమ్మ కూడా వచ్చి చూసింది చెప్పింది. వ్యాను తరఫు లాయరు ఉషారాణిని లేపి, ఇది మీరే రాశారా అని అడిగాడు. నేనేనండి అంది. ఏమైనా తీసేశారా అన్నాడు. లేదండి, పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా ఉంది అంది.

"మొత్తం ఉందని ఎలా చెప్పగలరు?"

"మొత్తం చూశానండి."

"ఎన్నిసార్లు?"

ఆమె గుర్తుచేసుకోబోయింది.

"లెక్కపెట్టలేదండి," అంది.

అతను చేతిలో కాగితాలు సర్దుకుని, ఇంకేం లేదని కూర్చున్నాడు.

తీర్పు ఎండాకాలం దాటాక వచ్చింది. తప్పు వ్యాను డ్రైవరుదేనని, పల్లంరాజు ఆగి, చూసుకునే కదిలాడని అందులో రాశారు. దుర్గాసాయి కోర్టు మెట్ల మీదే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఉషారాణి అతని బ్యాగు పట్టుకుని పక్కనే నిలబడింది. ఇంటికొచ్చి అత్తగారికి ఆ ముక్క చదివి వినిపించింది. మహాలక్ష్మమ్మ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివింది. ఆవిడ లేచి, వీధిలో అందరికీ చెప్పడానికి వెళ్ళింది.

ఉషారాణి స్కూలుకి ఫోన్ చేసి, ఈ పూట రాలేనండీ అంది. పనిలో చేరాక, వేరే ఏ పనీ లేకుండా సెలవు అడగడం అదే మొదటిసారి. చాప పరుచుకుని పడుకుంది. మహాలక్ష్మమ్మ తిరిగొచ్చేసరికి నోరు కాస్త తెరుచుకుని, గాఢంగా నిద్రపోతోంది. వీధిలో ఎవరో ఐసుక్రీం బండి గంట కొడుతుంటే, ముసలావిడ బయటికెళ్ళి కాస్త అవతలకి పొమ్మని బతిమాలింది.